కారణం రాయాల్సిన గడి

"పెన్నుకేమైనా జబ్బా?" అన్నాడు ఇస్త్రీ.

"పెన్ను బాగానే ఉంది. కాగితానికే జబ్బు," అన్నాడు నిచ్చెన.

పిన్ని వంటింటి గుమ్మంలో అడుగు పెట్టేసరికి చెవిన పడ్డ మాటలివి. పొడుగాటి బల్లకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. మధ్యలో ఒకే ఒక్క కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను. ఆ కాగితం మీద సంతకం పడితే నిచ్చెన జీవితకాలం సంపాదించుకున్న పేరు మట్టిలో కలుస్తుంది. పడకపోతే సాయంత్రానికి పోలీసులు వచ్చి ఆయన్నే తీసుకుపోతారు. ఆయన కూతురు ఫోనులో ఏడుస్తూ చెప్పిన సంగతి ఇదే. "సంతకం పెడితే జైలు తప్పుతుందంటే కూడా మా నాన్న పెట్టనంటున్నాడు పిన్నిగారూ! మీరైనా వెళ్ళి బుద్ధి చెప్పండి."

బుద్ధి చెప్పడానికే వచ్చింది పిన్ని. ఎవరికి చెప్పాలన్నదే ఇంకా తేల్చుకోలేదు.

పిన్ని వయసు యాభై దాటింది, ఆమె మోకాళ్ళ వయసు ఎనభై దాటింది. వాకిట్లో డిటెక్టివ్ అని బోర్డు ఉంది కానీ ఆ పేరుతో పిలిచిన పాపాన పోయినవాడు లేడు. పోలీసులకీ పిన్నే, దొంగలకీ పిన్నే. ఒక దొంగయితే బేడీలు వేయించుకుంటూ, "పిన్నీ, కాస్త వదులుగా వెయ్యమని నువ్వైనా చెప్పు" అన్నాడట. ఆవిడ చెప్పిందట కూడా. వాడు పారిపోయాడట. మళ్ళీ ఆవిడే పట్టుకుందట.

ఇక ఇస్త్రీ అంటే బీమా కంపెనీ తరఫున ఆరా తీసే మనిషి. ఆయన చొక్కా మడత మీద వేలు పెడితే తెగుతుందని కంపెనీలో గుమాస్తాలు చెప్పుకుంటారు. నడుస్తూ వంగడు, వంగితే గీత చెదురుతుందని.

నిచ్చెన ఇళ్ళు తనిఖీ చేసే మనిషి. ఇల్లు కొనేవాళ్ళు కొనేముందు ఆయన్ని పిలుచుకుంటారు. ఆయన పునాది నుంచి పైకప్పు దాకా చూసి, అందరికీ ఒకే నమూనాలో అచ్చయిన ఫారం నింపి ఇస్తాడు. మనిషి సన్నగా పొడుగ్గా ఉంటాడు. భుజాన నిచ్చెన లేకుండా ఆయన్ని చూసిన సాక్షి లేడు. ఒకసారి ఆయన రిపోర్టు రాస్తూ ఉండగానే ఒక పాత మేడ కూలిపోయిందనీ, దుమ్ములోంచి లేచి, "పైకప్పు" అన్న చోట "ప్రస్తుతం లేదు" అని రాశాకే ఈయన దగ్గాడనీ ఒక కథ ఉంది. ఆ కథ నిజమా అని ఎవరైనా అడిగితే, "గోడలు కూడా రాశాను" అంటాడు.

"రండి పిన్నిగారూ," అన్నాడు ఇస్త్రీ, లేవకుండానే. "మీరూ వచ్చారా? బాగుంది. ఈ పెద్దమనిషికి కాస్త నచ్చజెప్పండి. సంగతి చాలా చిన్నది."

"చిన్నదైతే చిన్నగానే చెప్పు నాయనా."

"ఈ ఇల్లు పెద్దటీచరుది. రిటైరయ్యాక కొనుక్కుని, తమ్ముణ్ణీ మరదల్నీ తెచ్చి తనతో పెట్టుకుంది. మొన్న ఆదివారం పొద్దున ఆవిడ గదిలో స్పృహ లేకుండా పడి ఉంది. గ్యాస్ గీజరు పొగ. పొగ బయటికి పోయే గొట్టం అటక మీదుగా వెళ్తుంది. రెండు గొట్టాలు కలిసే అతుకు విడిపోయి, పొగంతా కింద ఆవిడ గదిలోకి దిగింది. ఈయన రిపోర్టులో మాత్రం ఆ గొట్టానికి ఎదురుగా 'చూశాను' అని టిక్కు ఉంది, 'లోపం' గడి ఖాళీ, పక్కన 'అతుకు మీద కొత్త బిగింపు పట్టీ' అని రాత. చూడకుండా టిక్కు కొట్టారు. ఆ మాటే ఈ కాగితం మీద ఒప్పుకుంటే పొరపాటు కింద పోతుంది, లైసెన్సు ఒక్కటే పోతుంది. ఒప్పుకోకపోతే కేసు. టీచరుకి ఏమైనా అయితే ఇంకా పెద్ద కేసు."

పిన్ని నిచ్చెన వైపు తిరిగింది. "ఏమంటారు అన్నయ్యగారూ?"

"చూడనిది చూశానని ఎప్పుడూ రాయలేదు. చూసింది చూడలేదని ఇప్పుడు ఎలా రాస్తాను? అదీ అబద్ధపు టిక్కే కదా!"

"జైలండీ!" అన్నాడు ఇస్త్రీ.

"జైలు గోడలు కూడా ఒకసారి చూడాలని ఉంది. చెమ్మ ఎక్కువంటారు."

పిన్నికి నవ్వొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, రిపోర్టు ఇలా ఇమ్మని చెయ్యి చాపింది.

ఇస్త్రీ తనకు కావలసిన పేజీ తెరిచి ఇచ్చాడు. పిన్ని దాన్ని మూసి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది.

ఇంట్లో ప్రతి భాగానికీ ఒక వరస. ప్రతి వరసకీ నాలుగు గడులు: చూశాను, చూడలేదు, లేదు, లోపం. పక్కన కారణం రాయడానికి కాస్త చోటు. నలుగురు నింపే ఫారమే. నలుగురు నింపితే నాలుగు రకాలుగా ఉంటుంది, ఇది ఐదో రకం. "మెట్లు: చూశాను, లోపం. ఆరో మెట్టు వేలెడు పొట్టి. పట్టుకుని దిగాలి." "వెనక వరండా దీపం: చూడలేదు. కారణం: బల్బు లేదు, నా దగ్గర ఉన్న బల్బు అమరలేదు." "ముందు గది మూల: చూశాను, లోపం. చల్లగాలి వస్తోంది. ఎక్కణ్ణుంచో కనిపెట్టలేకపోయాను."

పిన్ని ఆ ఆఖరి మాట దగ్గర ఆగిపోయింది. తన బతుకులో ఎన్ని రిపోర్టులు చదవలేదు! పోలీసులవి, డాక్టర్లవి, తనవి. 'కనిపెట్టలేకపోయాను' అని రాసి కింద సంతకం పెట్టిన మగాణ్ణి ఇదే చూడటం.

"ఒక్కటి చెప్పండి. లోపం అని పెట్టిన ప్రతిచోటా చూశాను అని కూడా పెట్టారేం? ఒకటి చాలదా?"

నిచ్చెన ముఖం విచ్చుకుంది. పది మంది అడగాల్సిన ప్రశ్న, ఎన్నేళ్ళకో ఒకరు అడిగారు.

"చాలదు పిన్నిగారూ! చూడకుండా లోపం ఎలా తెలుస్తుంది? రెండూ పడాల్సిందే. కుర్రాళ్ళు అక్కడే జారిపోతారు. చూశాను అని పెట్టాలంటే కన్నూ, చెయ్యీ రెండూ అక్కడిదాకా చేరాలి. చేరకపోతే చూడలేదు అని పెట్టాలి. పెట్టి ఊరుకోకూడదు, ఎందుకు చూడలేదో రాయాలి. ఏదీ పెట్టకుండా ఖాళీ వదిలామా, కొనేవాడు దాన్ని బాగుంది అని చదువుకుంటాడు. ఇంకో సంగతి. ఏ గదిది ఆ గదిలో నిలబడే రాయాలి. కిందకి దిగి టీ తాగుతూ రాస్తే జ్ఞాపకం రాస్తుంది, కన్ను రాయదు."

"ఉపన్యాసం అయిందా?" అన్నాడు ఇస్త్రీ. "పిన్నిగారూ, అటక పేజీ చూడండి. అక్కడే దొరికిపోయాడు. పొగగొట్టం చూశాను అంటాడు. రెండు వరసల కింద, అటక చూడలేదు అంటాడు. ఒకే అటక! చూసినట్టా, చూడనట్టా? పైన దుమ్ముందని సగంలో దిగిపోయి ఉంటాడు."

పిన్ని ఆ పేజీ చదివింది. మళ్ళీ చదివింది. కాగితం మీంచి తల ఎత్తకుండానే అడిగింది. "నువ్వు ఈ వరస పూర్తిగా చదివావా నాయనా?"

"టిక్కులు చదివాను. చాలదా?"

"నువ్వు అటక ఎక్కావా?"

"ఎక్కకుండానే రాస్తానా? నా రిపోర్టులో మొదటి వాక్యమే అది. 'అటక స్వయంగా పరిశీలించాను.'"

"ఊఁ," అంది పిన్ని. ఆమెతో ఒకసారి పనిపడ్డవాళ్ళెవరైనా ఆ 'ఊఁ' వింటే లాయరుని వెతుక్కుంటారు. ఇస్త్రీకి ఇంకా అనుభవం లేదు.

పిన్ని మేడ మీదికి బయలుదేరింది. ఆరో మెట్టు దగ్గర కాలు తడబడితే, "వేలెడు పొట్టి" అని తనే చెప్పుకుని పిట్టగోడ పట్టుకుంది. పైన నడవాలో మరదలు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ముప్పై ఐదేళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"అమ్మాయ్, నిన్ను నాలుగు మాటలడగాలి. కిందున్న పెద్దాయన పద్ధతి నాకు నచ్చింది. నువ్వూ అలాగే చెప్పు. చూస్తే చూశానను. చూడకపోతే చూడలేదను, ఎందుకు చూడలేదో చెప్పు. నీకు తోచింది మాత్రం చెప్పకు."

"అలాగే పిన్నిగారూ."

"ఆదివారం గీజరు వేసింది ఎవరు?"

"నేనేనండీ. స్నానానికి రోజూ నేనే వేస్తాను. చలిగా ఉందని వదిన కిటికీలన్నీ మూసుకుని పడుకుంది. నేను హాయిగా వేణ్ణీళ్ళు పోసుకుంటూ ఉంటే అవతల వదిన... టీ తీసుకెళ్ళి తలుపు కొడితే పలకలేదు. నా చేతుల్తోనే చేశానండీ!"

"నువ్వు నీళ్ళు కాచుకున్నావు, అంతే," అంది పిన్ని మెల్లగా. "దాని ముందురోజు, శనివారం సాయంత్రం, ఈ నడవాలో ఎవరైనా తిరగడం చూశావా?"

"చూడలేదు."

"కారణం?"

"నేను బజారుకి వెళ్ళాను. వరండాలో బల్బు లేదని ఆయన తెమ్మన్నారు. దగ్గర కొట్టు వద్దు, పెద్ద కొట్టుకే వెళ్ళమన్నారు."

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

"ఆయన, వదిన. వదిన తన గదిలో పడుకుని ఉంది."

"తిరిగొచ్చాక కొత్తగా ఏమైనా చూశావా?"

మరదలు మడతపెడుతున్న దుప్పటి ఒళ్ళో పెట్టుకుని ఆలోచించింది. అంత దుఃఖంలోనూ పెదవి చివర చిన్న నవ్వు మెరిసింది. "చూశాను. ఆయన ఇక్కడ ఊడుస్తున్నారు. పెళ్ళయ్యాక ఆయన చీపురు పట్టడం అదే మొదలండీ! నాకెంత ముచ్చటేసిందో. మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను."

"ఎక్కడ ఊడ్చాడు?"

"ఇదిగో, ఇక్కడే. ఈ ముక్కే."

ఆమె చూపించిన చోట నిలబడి పిన్ని తల పైకెత్తింది. సరిగ్గా నడినెత్తిన అటక మూత.

"మీ వదిన ఇంటి సంగతి ఏమైనా అనుకుంటోందా?"

"తన తర్వాత ఇల్లు తను పనిచేసిన బడికి రాస్తానంది. సోమవారం లాయరు రావాలి. ఆయనేమీ అనలేదండీ, నవ్వారు కూడా. వదినే ఇలా అయిపోయింది."

పిన్ని మెట్ల మొగదాకా వెళ్ళి కిందికి కేకేసింది. "అన్నయ్యగారూ, మీ నిచ్చెన పట్రండి! నాయనా, నువ్వూ రా!"

నిచ్చెన తన నిచ్చెనను మూత కింద నిలబెట్టిన తీరు చూడాలి. నాలుగు కాళ్ళూ నేల మీద సరిగా ఆనాయా లేదా అని కుదిపి చూశాడు, మెట్లన్నిటినీ చేత్తో తడిమాడు, ఆ తర్వాతే పక్కకి తప్పుకున్నాడు. రోజూ ఎక్కే నిచ్చెనే. అయినా కొత్తదాన్ని చూసినట్టే చూశాడు. ఈ మనిషి అన్నం తినేముందు పళ్ళెం అడుగు కూడా తిప్పి చూస్తాడు కాబోలు అనుకుంది పిన్ని. అనుకుని, మనసులోనే నమస్కారం కూడా పెట్టింది.

"మీరెక్కుతారా? మోకాళ్ళు..." అన్నాడు నిచ్చెన.

"ఎక్కుతాను. మోకాళ్ళని అడగడం మానేసి చాలా కాలమైంది."

ఎక్కింది. ఒక్కో మెట్టుకీ నిచ్చెన ఒకసారి మూలిగింది, ఆమె ఒకసారి మూలిగింది. మూత పక్కకి నెట్టగానే దుమ్ము జల్లున రాలి కింద నిలబడ్డ ఇస్త్రీ భుజాల మీద పడింది. ఆయన గబగబా వెనక్కి జరిగి దులుపుకోవడం మొదలుపెట్టాడు.

"ఆ దుమ్ము అలవాటైపోయి ఉండాలే నీకు," అంది పిన్ని పైనుంచి. "ఎక్కావుగా?"

ఇస్త్రీ దులుపుకోవడం ఆపాడు.

"సరే, నేనొకటి అడుగుతాను చెప్పు. నా కుడిచేతి వైపు ఆ చివర ఏముంది?"

"ఏముంటుంది? అటకలో ఏముంటాయి... పాత సామాను."

"సామాను లేదు. నీళ్ళ ట్యాంకు ఉంది, ఏనుగు పిల్లంత. దాని వెనక ఏముంది?"

ఇస్త్రీ మళ్ళీ భుజాలు దులుపుకోసాగాడు.

"నువ్వు ఎక్కలేదు నాయనా. ఆదివారం వచ్చిన అగ్నిమాపక వాళ్ళు మూతలోంచి తల పెట్టి, గొట్టాలు విడిపోయాయని చెప్పి గ్యాసు కట్టేసి వెళ్ళారు. వాళ్ళు చెప్పింది విని, కింద కూర్చుని, స్వయంగా పరిశీలించాను అని రాశావు. చూడకుండా టిక్కు కొట్టినవాడు ఈ ఇంట్లో ఒకడున్నాడన్న మాట నిజమే. వాడు ఇప్పుడు చొక్కా దులుపుకుంటున్నాడు."

నిచ్చెన తల తిప్పేసుకున్నాడు. నవ్వుతున్నాడని భుజాలు చెప్పేశాయి.

"సరే ఎక్కలేదు!" ఇస్త్రీ గొంతు పెరిగింది. "అయితే ఏంటి? ఈయన ఎక్కాడని రుజువేముంది?"

"ఆయన ఎందుకు చూడలేదో రాసిన వరసే రుజువు. నువ్వు టిక్కు చదివి కారణం వదిలేశావు. ఆయన అటక చూడలేదని రాయలేదు. 'అటక, ట్యాంకు వెనక మూల: చూడలేదు. కారణం: కందిరీగల తుట్టె. చెయ్యి పెట్టడం ప్రమాదం. తీయించాక మళ్ళీ చూపించుకోవాలి' అని రాశాడు. అమ్మాయ్, మీ ఇంట్లో కందిరీగలున్నాయని తెలుసా?"

"కందిరీగలా? మా ఇంట్లోనా?" మరదలు గుండెల మీద చెయ్యి వేసుకుంది. "నాకు తెలీదండీ!"

"కింద నుంచి కనపడదు, బయట నుంచి కనపడదు. ఇక్కడిదాకా ఎక్కి, మెడ ఇలా తిప్పి, టార్చి వేస్తే కనపడుతుంది. ఇదిగో, ఉంది. వినపడుతోంది కూడా."

"పాత ఇంటాయన చెప్పి ఉంటాడు," అన్నాడు ఇస్త్రీ, వదలకుండా.

"అయితే నువ్వే ఎక్కు. నేను దిగుతాను. నేను చెప్పింది నమ్మకు, నీ కన్నుతో చూడు."

ఇస్త్రీ ఒక్క క్షణం తన చొక్కా వైపు చూసుకున్నాడు. ఆ చూపులో వీడ్కోలు ఉంది. కానీ మనిషిలో పౌరుషం లేకపోలేదు. చొక్కా చేతులు పైకి మడుచుకుని ఎక్కాడు. నడుము దాకా అటకలోకి వెళ్ళి మాయమయ్యాడు.

"ఎడమ వైపు గొట్టం చూడు," అంది పిన్ని కింద నుంచి. "అతుకు దగ్గర ఏముంది?"

"రెండు ముక్కలు విడిపోయి ఉన్నాయి. పట్టీ లేదు. అతుకు మీద కొత్త బిగింపు పట్టీ ఉందని ఈయన రాశాడు. ఇక్కడ పట్టీ లేనేలేదు!"

"దుమ్ముందా గొట్టం మీద?"

"మందంగా ఉంది."

"అంతటా ఉందా?"

టార్చి వెలుగు అటూ ఇటూ కదలడం మూతలోంచి కనిపించింది. తర్వాత వచ్చిన గొంతు వేరేగా ఉంది. "లేదు. గొట్టం చివర చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పున... దుమ్ము లేదు. తళతళలాడుతోంది. ఏదో చుట్టి ఉన్నట్టు. మొన్నమొన్నటిదాకా ఉన్నట్టు."

"ఇప్పుడు కుడి వైపు తిరుగు. ట్యాంకు వెనక, తుట్టె కింద. దగ్గరికి వెళ్ళకు, చూపుతోనే చూడు."

టార్చి వెలుగు కుడి వైపుకి తిరిగింది.

"తుట్టె ఒక పక్క చినిగి ఉంది," అన్నాడు ఇస్త్రీ. "దాని కింద ఏదో మెరుస్తోంది. ఇనప పట్టీ. కొత్తది. మరలు... మరలు విప్పి ఉన్నాయి. తెగలేదు, ఊడలేదు. విప్పారు!"

నిచ్చెన తన సంచిలోంచి సాగదీసే కడ్డీ తీసి అందించాడు. దాని చివర అయస్కాంతం ఉంది. సందుల్లో పడ్డ మేకులు తీయడానికి వాడతాడు. "మెల్లగా బాబూ, తుట్టెకి తగలనీకు. అవి నీ చొక్కా చూసి మర్యాద ఇవ్వవు."

ఇస్త్రీ కిందికి దిగేసరికి ఎవరో పిండి మరలో వేసి తీసినట్టున్నాడు. చొక్కాకి గీతలు లేవు, జుట్టులో బూజు. ఒక కందిరీగ చెవి దాకా వచ్చి మనసు మార్చుకుని వెళ్ళిందట. ఆ సంగతి తర్వాత కంపెనీలో చెప్పినప్పుడు వంద కందిరీగలయ్యాయి. కడ్డీ చివర అంటుకున్న పట్టీని పిన్ని చేతిరుమాలులోకి తీసుకుంది, వేలు తగలకుండా.

"అయ్యా," అన్నాడు ఇస్త్రీ నిచ్చెనతో. అంతవరకు ఆయన్ని అలా పిలవలేదు. "మీరు చూశారు. ఉన్నది ఉన్నట్టే రాశారు. నేనే..." పైకి వస్తూ జేబులో పెట్టుకున్న ఒప్పుకోలు కాగితం తీసి ముక్కలు చేయబోయాడు.

"చింపకండి," అన్నాడు నిచ్చెన. "వెనక ఖాళీ ఉంది, కింద పారెయ్యడమెందుకు? మీ రిపోర్టు సరిగ్గా రాసుకోండి దాని మీద. ముందు తారీఖు వెయ్యండి." నిచ్చెన పక్క కమ్మీని గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు, నిచ్చెన కదలకుండానో, తను కదలకుండానో.

పిన్ని ఆ ముచ్చటకి ఎక్కువసేపు ఆగలేదు. చేతిలో పట్టీ బరువుగా ఉంది.

"ఇప్పుడు వినండి. విప్పినవాడు దీన్ని జేబులో వేసుకోలేదు. వేసుకుంటే ఎప్పుడో ఇంట్లోనే దొరుకుతుంది. అటకలోనే వదిలితే, కట్టినవాళ్ళు వదిలేసిన ఇనప ముక్క అనుకుంటారు. కానీ ఎక్కడ వదలాలి? ఎవరూ చూడని మూల ఏదో వాడికి తెలుసు. ఈ రిపోర్టులోనే ఉంది, 'చూడలేదు' అని. వాడు కూడా నీలాగే నాయనా, టిక్కు చదివాడు, కారణం చదవలేదు. తిన్నగా చెయ్యి తీసుకెళ్ళి తుట్టెలో పెట్టాడు." ఆమె మరదలి వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "అమ్మాయ్, ఈ రిపోర్టు మీ వదిన ఎవరికిచ్చింది?"

"ఆయనకే. చిల్లర మరమ్మతులు చేయించమని."

"మీ ఆయన చెయ్యి ఎలా ఉందమ్మా?"

మరదలు తెల్లబోయింది. "మీకెలా తెలుసు? ఆయన చెయ్యి వాచిందని ఎవరు చెప్పారు? శనివారం కుక్కరు ఆవిరి తగిలింది. ఇంకా కట్టుతోనే ఉన్నారు."

"కుక్కరు మూత ఆయన తీస్తుండగా నువ్వు చూశావా?"

"చూడలేదు."

"కారణం?"

ఒళ్ళో దుప్పటి జారి నేల మీద పడింది. దాన్ని తీయాలని కూడా తోచలేదు ఆ పిల్లకి.

"ఆయన... వంటింట్లోకి ఎప్పుడూ రారండీ."

అటకలో కందిరీగల రొద ఒక్కటే వినిపిస్తోంది. పిన్ని వంగి ఆ పిల్ల భుజం పట్టుకుంది. తను వేసిన గీజరు తన వదినను చంపబోయిందని ఇన్నాళ్ళూ ఏడ్చింది. ఆ గీజరు తనే వేస్తుందని తెలిసినవాడే ఆ పని చేశాడని ఇప్పుడు తెలుసుకుంటోంది. ఏది ఎక్కువ బాధో చెప్పడం కష్టం.

"ఆయన ఇప్పుడెక్కడ?"

"ఆస్పత్రికి వెళ్ళారు. మీరు రావడానికి కాస్త ముందే. వదినకి మెలకువ వచ్చిందని నర్సు ఫోన్ చేసింది. కళ్ళు తెరవగానే వదిన ఒకటే మాట అందట. 'అటక మీద ఎవరు నడుస్తున్నారు?' అని. ఆ మాట వినగానే ఆయన చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా..."

ఇస్త్రీ గోడకి ఆనుకున్నాడు. "పొద్దున ఆయనకి నేనూ ఫోన్ చేశాను. 'నిచ్చెన సంతకం పెట్టడం లేదు. కేసు ముగిసిపోదు. మీ అక్కగారు లేచి ఏం చెబుతారో దాని కోసం ఆగాలి' అన్నాను. నేనే అన్నాను పిన్నీ!"

అప్పటికే పిన్ని మరదలి ఫోను అందుకుని, నర్సుకి కలిపి, చెవి దగ్గర పెట్టుకుని మెట్లు దిగుతోంది. రెండో చెయ్యి నిచ్చెన భుజం మీద ఉంది. ఇస్త్రీ కారు తాళాలు తీసి వాళ్ళకంటే ముందు పరుగెత్తుతున్నాడు. ఆవలి వైపు మోగింది, మోగింది, చివరికి నర్సు ఎత్తింది.

"టీచరుగారి తమ్ముడా? వచ్చారమ్మా. ఎంత మంచాయనో! నువ్వు అలసిపోయావు, కాసేపు టీ తాగి రామ్మా అని నన్ను పంపారు."

"గదిలో ఎవరున్నారు?"

"అక్కాతమ్ముళ్ళిద్దరే."

"టీ పారేసి పరుగెత్తు! ఆయన్ని బయటికి పంపి నువ్వు లోపల ఉండు. గట్టిగా అరిచి ఎవరొస్తే వాళ్ళని పిలువు. వెళ్ళు!"

ఫోనులో చెప్పుల చప్పుడు వినిపించింది. పొడుగాటి నడవా ఏదో దాటుతున్నట్టు చాలాసేపు వినిపించింది. ఆగింది. తలుపు మీద దబదబా కొట్టిన చప్పుడు. మళ్ళీ చప్పుడు. తర్వాత నర్సు గొంతు, ఇందాకటి గొంతు కాదు అది.

"అమ్మా... లోపల గడియ వేసి ఉందమ్మా. ఆవిడ మూలుగుతోంది. వినపడుతోంది... అయ్యో, ఆగిపోయింది."